ఫర్నిచర్స్ తప్పైతే బోర్డుల మీద ఎందుకుంది?

హన్మకొండ డిగ్రీ: నిన్న మాక్ ఇంటర్వ్యూలో "ఐ నీడ్ సమ్ ఇన్ఫర్మేషన్స్" అన్నాను, సార్ అందరి ముందు ఆపి నవ్వారు, పరువు పోయింది. చౌరస్తా దాకా నడిచొస్తుంటే రెండు షాపుల బోర్డుల మీద "ఫర్నిచర్స్" అనే ఉంది, మరి వాళ్లకెవరూ చెప్పరా? ఎస్ ఎక్కడ పెట్టొద్దో ఎట్లా గుర్తుపెట్టుకోవాలి?

కాజీపేట అన్న: టెన్షన్ పడకు తమ్మీ. మనం పాలు ఉన్నాయి, నీళ్లు ఉన్నాయి అంటాం, ఇంగ్లీషులో మిల్క్‌కీ వాటర్‌కీ 'ఈజ్' వస్తుంది, తెలుగులో అనుకుని మార్చడం వల్లే సగం తప్పులు. ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్‌లకు ఎస్ రాదు. లెక్క చెప్పాలంటే ముందు 'పీస్ ఆఫ్' తగిలించు: టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్.

నర్సంపేట టీచర్: హెయిర్ మాత్రం రెండు రకాలు. తల మీది జుట్టంతా హెయిర్, పప్పులో వచ్చిన రెండు వెంట్రుకలు టూ హెయిర్స్. మా హాస్టల్ మెస్ పుణ్యమా అని ఈ రూలు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఇంకోటి, 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' కాదు, ఫ్రెండ్స్.

హన్మకొండ డిగ్రీ: అన్నా, మరి న్యూస్‌కి చివర ఎస్ ఉందిగా?

కాజీపేట అన్న: ఉన్నా ఏకవచనమే. ద న్యూస్ ఈజ్ గుడ్.