ఘాట్ ఎక్కేటప్పుడు పాత బుల్లెట్‌కి పెట్రోల్ అందడం లేదు, ఏం చేయాలి?

బండి 1984 బుల్లెట్ 350, మిక్‌కార్బ్ కార్బొరేటర్. రాయగడ ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. కొరాపుట్ వైపు ఘాట్‌లో లాగుతుంటే మాత్రం ముక్కుతూ ఆగిపోతోంది; కాసేపాగి కిక్ కొడితే మళ్లీ మామూలే. ఆగిన వెంటనే ఫ్లోట్ చాంబర్ (కార్బొరేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) విప్పితే దాదాపు ఖాళీ, స్పార్క్ ప్లగ్ తెల్లగా ఉంటోంది, అంటే పెట్రోల్ చాలడం లేదు. కాబట్టి జెట్‌ల (ఇంజిన్‌కి పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రాలు) జోలికి పోలేదు, ట్యాంకు నుంచి పెట్రోల్ దిగడమే తక్కువ.

ట్యాంకు మూత వదులు చేసినా తేడా లేదు, అంటే గాలి రంధ్రం మూసుకుపోలేదు. పెట్రోల్ పైపును సీసాలో పెట్టి ట్యాంకు ట్యాపు తిప్పితే మొదట ధార బాగుంటుంది, క్రమంగా సన్నబడి చుక్కలవుతుంది. పైపులోంచి వెనక్కి ఊదితే మళ్లీ ధార! సీసా అడుగున కాఫీపొడిలా ఎర్రటి తుప్పు, పక్కనే నీటి బొట్లు. తుప్పు ట్యాపు జాలీ మీద పేరుకుంటోందని నా నమ్మకం.

తుప్పు వదిలించడానికి లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ట్యాంకు నింపి, తర్వాత వంటసోడా నీళ్లతో కడగాలనుకుంటున్నాను. ఎన్ని గంటలు ఉంచాలి? కడిగాక లోపల ఎపాక్సీ పూత వేస్తే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి అది పొరలుగా ఊడి మళ్లీ జాలీకే అడ్డం పడదా? పంపు లేని బండి కదా, కాగితం ఫిల్టర్ పెడితే ఘాట్‌లో ధార సరిపోతుందా, లేక ఇత్తడి జాలీదే మేలా? వాడి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.