వనెసా పారదీ గురించి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్లకుంట_ఫ్రెంచ్:
ఇఫ్లూలో ఫ్రెంచ్ చదువుతున్నాను. వచ్చే వారం క్లాసులో ఒక ఫ్రెంచ్ కళాకారిణి గురించి పది నిమిషాలు మాట్లాడాలి. వనెసా పారదీ పేరిచ్చేశాను. నటి, గాయని, షనెల్ అనే ఫ్యాషన్ సంస్థకు మోడల్ అని తెలుసు. కానీ ఎక్కడ వెతికినా ముందు ఆమెతో ఒకప్పుడు కలిసున్న హాలీవుడ్ నటుడు జానీ డెప్ పేరే తగులుతోంది. ఆయన్ని పక్కన పెడితే పది నిమిషాలకు సరిపడా సరుకుందా? కొంచెం టెన్షన్‌గా ఉంది.

పాతపాటల_పిచ్చోడు:
సరుకా! 1987లో "జో ల తాక్సీ" ఫ్రాన్స్‌లో 11 వారాలు నంబర్ వన్. అప్పటికి ఆ పిల్లకి 14 ఏళ్లు. పాటంతా ఫ్రెంచే, అయినా బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్లింది. ముందు అది విను, మిగతావి తర్వాత.

రేణిగుంట_టు_లియోన్:
పాట సరే, ఆ పాట తర్వాత ఏం జరిగిందో చెప్పు తల్లీ, క్లాసు చెవులు రిక్కించి వింటుంది. మా ఆఫీసులో ఆమె ఈడువాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. బళ్లో ఆడపిల్లలందరికీ ఆమె అంటే ఒళ్లు మంటగా ఉండేదని ఒకావిడ నవ్వుతూనే చెప్పింది. సన్నటి గొంతు, ముందు పళ్ల మధ్య సందు, టీవీ పెడితే అదే మొహం. వీధిలో కనపడితే తిట్టేవాళ్లట. 1988లో కాన్ నగరంలో మిడెమ్ అనే సంగీత పరిశ్రమ సభలో ఆమె పాడుతుంటే జనం ఈలలు వేశారు. మన థియేటర్లో ఈల అంటే మెచ్చుకోలు, ఇక్కడ ఈల అంటే ఛీ కొట్టడం. పదిహేనేళ్ల పిల్ల స్టేజీ మీద నిలబడి అది భరించింది.

మూడేళ్ల తర్వాత, 1991లో షనెల్ వాళ్ల కోకో సెంటు ప్రకటన వచ్చింది. తీసింది జాన్-పోల్ గూద్. ఒంటినిండా నల్లటి ఈకలు, పంజరంలో ఉయ్యాల. ఆ ఉయ్యాల మీద ఊగుతూ ఈసారి ఈల వేసేది ఆమే! వీడియో దొరుకుతుంది, ముందు అదే చూపించు. పళ్ల సందు కూడా సరిచేయించుకోలేదు, గమనించు.

ఈ రెంటికీ మధ్య ఫ్రాన్స్‌లో పేరుమోసిన పాటల రచయిత సెర్జ్ గాన్స్‌బూర్ ఆమె రెండో ఆల్బమ్‌కి పాటలు రాశాడు (1990). మరుసటి ఏడాదే ఆయన పోయాడు. 1992లో అమెరికన్ రాక్ గాయకుడు లెనీ క్రావిట్జ్ ఆమెతో ఇంగ్లిష్ ఆల్బమ్ చేయించాడు.

నల్లకుంట_ఫ్రెంచ్:
అక్కా, థాంక్యూ! మరి సినిమాలు? "నోస్ బ్లాంష్" చూడమంటున్నారు అందరూ.

సబ్‌టైటిల్_సుబ్బారావు:
1989 సినిమా. ఫిలాసఫీ మాస్టారుకీ, పదిహేడేళ్ల విద్యార్థినికీ మధ్య ప్రేమ. దానికే 1990లో ఆమెకు సెజార్ అవార్డు (ఫ్రెంచ్ సినిమా అవార్డు) వచ్చింది, కొత్త నటీమణుల విభాగంలో. అప్పటిదాకా వెక్కిరించినవాళ్లు నోరు మూసుకున్నారు. నటన గొప్పదే. కానీ క్లాసులో చూపించే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించమ్మా. దర్శకుడు బ్రిస్సోకి 2005లో వేరే నటీమణులను లైంగికంగా వేధించిన కేసులో శిక్ష పడింది. అది తెలిశాక నాకు ఈ సినిమా మునుపటిలా మింగుడుపడదు.

రేణిగుంట_టు_లియోన్:
సుబ్బారావుగారి మాటే నాదీ. దాని బదులు పత్రీస్ లెకోంత్ తీసిన "లా ఫీయ్ స్యూర్ ల పోన్" (1999) పెట్టు. నలుపు తెలుపు సినిమా. మొదట్లోనే ఆమె కూర్చుని తన బతుకు గురించి అడిగిన ప్రశ్నలకు జవాబులు చెబుతుంది. కెమెరా ఆ మొహాన్ని పెద్దగా వదలదు. మగవాళ్ల విషయంలో తన దురదృష్టం చెబుతూ నవ్వబోతుంది, అంతలో కళ్లలో నీళ్లు తిరుగుతాయి, మళ్లీ మాటల్లో పడిపోతుంది. తర్వాత సెయిన్ నది వంతెన మీద నుంచి దూకబోతుంటే కత్తులు విసిరే కళాకారుడు (నటుడు డానియెల్ ఒతోయ్) ఎదురవుతాడు. ఆయనకి సెజార్ వచ్చింది, ఈమె నామినేషన్‌తోనే ఆగిపోయింది. నా లెక్కలో అన్యాయం.

ఫ్రెంచ్ చదువుతున్నావు కాబట్టి ఆ మొదటి సీను సబ్‌టైటిల్స్ లేకుండా ఒకసారి విను. ఉచ్చారణ స్పష్టంగా ఉంటుంది, నీకు అందుతుంది.

నల్లకుంట_ఫ్రెంచ్:
డెప్ గురించి అసలు చెప్పొద్దా మరి? సార్ అడిగితే?

రేణిగుంట_టు_లియోన్:
అడిగితే చెప్పు. 1998 నుంచి 2012 దాకా కలిసున్నారు, పెళ్లి చేసుకోలేదు, ఇద్దరు పిల్లలు. కూతురు లిలీ-రోజ్ కూడా షనెల్‌కి మోడలే. ఒక్క స్లైడ్ చాలు. ఆ టైములోనే ఫ్రెంచ్ గాయకుడు మాత్యూ షెదీద్‌తో 2007లో చేసిన ఆల్బమ్ ఉంది, ఆ స్లైడ్‌లో మిగిలిన జాగా దానికివ్వు.