బార్ అసోసియేషన్‌కి ఎందుకు నిలబడ్డానో ఎలా చెప్పాలి?

పన్నెండేళ్లుగా లాయరుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఈసారి బార్ అసోసియేషన్ (లాయర్ల సంఘం) కార్యదర్శి పదవికి నామినేషన్ వేశాను. పోలింగ్‌కి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఎవరిని ఓటడిగినా ఒకటే ప్రశ్న: 'ఇందులో నీకేంటి లాభం?'

'సేవ చేద్దామని' అన్నాను, నవ్వేశారు. జూనియర్లకు స్టైపెండ్, రాత్రి ఎనిమిది దాకా లైబ్రరీ అంటూ కరపత్రం పంచాను. సగం కాపీలు నీళ్ల గ్లాసుల కింద కనిపించాయి.

అసలు సంగతేంటంటే, జూనియర్‌గా మూడేళ్లు కుర్చీ దొరక్క వరండాలో నిలబడే ఫైళ్లు చదివాను. అది మార్చాలనుంది. జడ్జీల ముందు, క్లయింట్ల ముందు నాకంటూ ఒక పేరు రావాలన్న ఆశా ఉంది, కాదనను. (పేరొస్తే కేసులూ వస్తాయి, తెలిసిందేగా.)

మీరే ఓటరైతే, ఈ రెండో కారణాన్ని నేనే బయటపెడితే నాకు ఓటేస్తారా, వేయరా?