పొందూరు ఖాదీ మీద పుస్తకం: ప్రెస్‌కి ఇచ్చే ముందు ఏం చూసుకోవాలి?

వంశధార:
వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం దగ్గర్నుంచి మగ్గం దాకా, పొందూరు ఖాదీ పని మొత్తం రాశాను. ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసిన మేటరు డెమ్మీ సైజులో 150 పేజీలు వస్తోంది, ఫొటోలు 40. సొంతంగానే వేసుకుంటాను. ఎన్ని కాపీలు వెయ్యాలి? ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) ఎలా? శ్రీకాకుళంలో ఉండి అమ్ముకోవడం ఎలా?

గంటస్తంభం:
కాపీల లెక్క తర్వాత చూద్దాం గానీ, ముందు ఫాంటు సంగతి తేల్చుకోండి. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, యూనికోడ్ కాని అను ఫాంట్లే. మీ మేటర్ని కన్వర్టర్లో వేసి అందులోకి మారుస్తారు. అప్పుడు పొల్లు పక్కన కంటికి కనబడకుండా ఉండే విడదీత గుర్తు ఎగిరిపోవచ్చు. ‘వర్క్‌షాప్’ కాస్తా ‘వర్క్షాప్’ అయి కూర్చుంటుంది. కొటేషన్ గుర్తులూ తారుమారవుతాయి. అందుకని ఫోన్లో దిద్దిన ప్రూఫు లెక్కలోకి రాదు. కన్వర్టయ్యాక ప్రింటు తీయించి, ఒకరు మూలం పైకి చదువుతుంటే ఇంకొకరు దిద్దాలి. ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తోనే చేసేవాళ్లు దొరికితే వాళ్లకే ఇవ్వండి, రేపు ఈ-బుక్కుకీ ఆ మేటరే పనికొస్తుంది.

రెండువైపులా అచ్చువేసి మడిచే పెద్ద కాగితమే ఫారం, ఫారానికి 16 పేజీలు. 150 అంటే 9 ఫారాలు పోను 6 పేజీలు, పదో ఫారంలో 10 ఖాళీ. అందులో పదకోశం, పదసూచి పెట్టండి. పునాస పత్తి, కొండ పత్తి లాంటి మాటలన్నీ వడికే ఆడవాళ్లు పలికినట్టే రావాలి, అచ్చుకి ముందు వాళ్లకి చదివి వినిపించండి. ఆ పది పేజీలు ఇంకెక్కడా దొరకవు.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే పాడైపోతాయి, డాక్యుమెంటుగా పంపండి. 4 అంగుళాల వెడల్పున వెయ్యాలంటే 1200 పిక్సెళ్లుండాలి. లోపల 70 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మాప్‌లితో అనే మామూలు కాగితం చాలు, కానీ దాని మీద చేప దవడ పళ్లు బూడిదరంగులో కలిసిపోతాయి. అలాంటి ఫొటోల్ని 8 పేజీల ఆర్ట్ పేపరు మీద విడిగా వేయించి మధ్యలో చేర్పించండి.

నాగావళి ఒడ్డు:
ఐఎస్‌బీఎన్‌కి ఎవరికీ డబ్బులివ్వకండి. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ వెబ్‌సైట్లో రచయితగా మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఉచితం. నంబరు వచ్చాకే వెనక అట్ట ఖాయం చెయ్యండి. లైబ్రరీలకి పుస్తకాలు అందజేయాలనే 1954 చట్టం ప్రకారం, పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ, చట్టంలో చెప్పిన మరో మూడు లైబ్రరీలకీ కాపీలు పంపాలి.

మొదటిసారి 300 చాలు, డిజిటల్లో వేయించండి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు ఎన్ని కాపీలు వేసినా అంతే, 500 దాటితేనే గిట్టుబాటు. షాపులు 30 నుంచి 40 శాతం దాకా కమీషన్ అడుగుతాయి. కాపీకి 70 రూపాయలు పడితే ధర 200 పెట్టాలి. 150 పెడితే 40 శాతం కమీషన్ పోను మీకొచ్చేది 90, అందులో అచ్చు ఖర్చు 70 పోతే మిగిలే 20 పోస్టుకే అయిపోతుంది.

వంశధార:
ఆవిష్కరణ శ్రీకాకుళంలో పెట్టాలా, పొందూరులోనా?

గంటస్తంభం:
పొందూరులోనే. సభలో రాట్నం తిప్పించండి, మొదటి కాపీ వడికే ఆమె చేతికివ్వండి. సెప్టెంబరు మధ్యకల్లా పుస్తకం చేతిలో ఉండాలి. అక్టోబరు 2కి పత్రికలకి ఖాదీ మీద వ్యాసాలు కావాలి, మూడు వారాల ముందే 600 మాటల వ్యాసం ఫొటోతో పంపి, చివర పుస్తకం దొరికే ఫోన్ నంబరు వెయ్యమనండి. సమీక్షకి రెండేసి కాపీలు విడిగా పంపాలి. తర్వాత డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలు. సొంత స్టాలు అద్దె ఒక్క పుస్తకంతో రాదు, ఏదైనా ప్రచురణకర్త స్టాల్లో 30 కాపీలు పెట్టించి, రసీదు తీసుకోండి.