శాశ్వత సుఖం స్వర్గంలోనా, మోక్షంలోనా?

పరకాల బిడ్డ:
అమ్మ దశదినకర్మ నాడు అయ్యగారు "మీ అమ్మ స్వర్గంలో శాశ్వత సుఖం అనుభవిస్తోంది" అన్నారు. నమ్మాలని ఉంది. అలాంటి సుఖం నిజంగా ఉంటుందా?

కాజీపేట మాస్టారు:
ఆ మాటలోనే తప్పుంది. స్వర్గం శాశ్వతం కాదు. గీత 9వ అధ్యాయం, 21వ శ్లోకం: 'క్షీణే పుణ్యే మర్త్యలోకం విశంతి'. పుణ్యం ఖర్చయిపోగానే మళ్లీ ఇక్కడికే రావాలి. తిరిగి రానిది మోక్షం ఒక్కటే.

ములుగు వాసి:
మేడారంలో నిలువెత్తు బెల్లం తూచి ఇచ్చేవాళ్లను చూస్తూ పెరిగాను. సంతానం కలగాలని, జబ్బు తగ్గాలని మొక్కుతారు. మోక్షం అడిగినవాళ్లు నాకు కనిపించలేదు.

కాజీపేట మాస్టారు:
మొక్కు వేరు. ప్రశ్న స్వర్గం గురించి.

హనుమకొండ విద్యార్థి:
మోక్షంలో ఆనందం ఉంటుందని కూడా అందరూ ఒప్పుకోలేదు. ప్రాచీన నైయాయికులకు, అంటే న్యాయ దర్శనం వాళ్లకు, అపవర్గమంటే (మోక్షానికి వాళ్ల మాట) దుఃఖం పూర్తిగా తొలగడమే.

కాజీపేట మాస్టారు:
తైత్తిరీయ ఉపనిషత్తులో ఆనందవల్లి చదవండి. యౌవనం, బలం, భూమి నిండా సంపద ఉన్నవాడి ఆనందాన్ని ఒకటిగా పెట్టి, మెట్టుకు నూరు రెట్ల చొప్పున బ్రహ్మానందం దాకా లెక్క కట్టింది. ఇంద్రుడి పైన ఇంకా మూడు మెట్లున్నాయి. స్వర్గం ఏపాటిది?

పరకాల బిడ్డ:
లెక్కలు ఆపండి సార్! అమ్మ లెక్కలోనే బతికింది, రోజుకు వెయ్యి బీడీలు. ఒళ్లో చాట, చాటలో తునికాకు. మూతులు మడిచి మడిచి బొటనవేలి గోరు అరిగిపోయింది. నాన్న కొట్టినప్పుడల్లా పెద్దలు "ఓర్చుకో, పైన సుఖపడతావు" అన్నారు. ఇప్పుడు మీరు అదీ కొన్నాళ్లే అంటున్నారు.

జనగామ పాఠకురాలు:
మా ఇంట్లోనూ ఆ మాటే చెప్పారు చెల్లీ.

కాజీపేట మాస్టారు:
ఓర్చుకోమన్నది నేను కాదు. ఆ పాపం నా మీద వేయకండి. నా భార్య పోయి ఆరేళ్లు. స్వర్గంలో ఉందన్నారు. అక్కడి నుంచి కూడా ఒకరోజు పంపేస్తారు కదా అని ఎన్నో రాత్రులు నిద్రపోలేదు. ఆత్మే బ్రహ్మమైతే ఎడబాటే లేదు. అందుకే పట్టుబడుతున్నాను.

పరకాల బిడ్డ:
బ్రహ్మంలో కలిసిపోతే మరి అమ్మ ఏది? అనుభవించడానికి అమ్మే లేకపోతే ఆ ఆనందం ఎవరిది? నాకు ఆ అరిగిన గోరుతోనే అమ్మ కావాలి, పని లేకుండా కూర్చుని.

హనుమకొండ విద్యార్థి:
రామానుజుల పక్షం అదే. ముక్తి పొందినా జీవుడు జీవుడిగానే ఉంటాడు, తిరిగి రాడు.

కాజీపేట మాస్టారు:
'నేను' మిగిలితే 'నాది' కూడా మిగులుతుంది. అక్కడ దుఃఖం మళ్లీ మొలుస్తుంది. ఒప్పుకోలేను తల్లీ.

పరకాల బిడ్డ:
నేనూ ఒప్పుకోలేను సార్. మొలిస్తే మొలవనీయండి. ఈసారి చాట నేను అందుకుంటాను.