స్పానిష్ మానేసి ఇంకో సైన్స్ తీసుకోవచ్చా?

ప్రశ్న
మేం కాలిఫోర్నియాలో ఉంటాం. మా అమ్మాయి వచ్చే ఏడాది 11వ గ్రేడ్. స్పానిష్ రెండేళ్లు చదివింది, ఇక చాలంటోంది. ఆ పీరియడ్‌లో ఏపీ ఫిజిక్స్ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే కాలేజీ స్థాయి కోర్సు) పెట్టుకుంటుందట. మా ఆయన సరేనన్నారు. నాకే మనసొప్పడం లేదు. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) వాళ్లు అడ్మిషన్‌కి ఇంగ్లిష్ కాని లాంగ్వేజ్ 2 ఏళ్లు తప్పనిసరి, 3 ఉంటే మంచిదంటారు. సైన్సుకీ అదే లెక్క. ఏం చెయ్యమంటారు?

జవాబు 1
మావాడు రెండేళ్లకే ఆపేశాడండీ. ఏం కాలేదు. ఎందుకైనా మంచిది, కౌన్సెలర్‌ని అడగండి.

జవాబు 2
నేను ఫార్మసీలో పనిచేస్తాను. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బాపతు! ఒకరోజు ఒక పెద్దావిడ బీపీ మాత్రల సీసా పట్టుకొచ్చి, పది వేళ్లూ చాపి, మళ్లీ ఒక వేలు చూపించింది. ముందు నాకు అర్థం కాలేదు. లేబుల్ మీద రోజుకి ఒకసారి అని చెప్పే ‘వన్స్’ స్పెల్లింగే స్పానిష్‌లో ‘ఓన్సే’, అంటే పదకొండు. అడగబట్టి సరిపోయింది. ఫార్మకాలజీ అంతా చదివాను కానీ ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. మూడో ఏడు కూడా చదివించండి. ఫిజిక్స్ 12లో తీసుకోవచ్చు.

జవాబు 3
జర్మన్‌లో హైడ్రోజన్‌ని ‘వాసర్‌స్టోఫ్’ అంటారు, నీటి పదార్థం అని. మన ‘ఉదజని’లోనూ నీళ్లే. సోడియం అక్కడ ‘నాట్రియం’. సోడియం గుర్తు ఎన్ఏ (Na) ఎందుకో నాకు అప్పుడు వెలిగింది.

అడిగినవారు
ఓన్సే సంగతి చెప్తే మా అమ్మాయి పడీపడీ నవ్వింది. సబ్జెక్టుల ఫారం మాత్రం ఇంకా నింపలేదు.