సిమ్ లాక్ తీసినా ఫోనులో పాత నెట్‌వర్క్ ముద్ర పోవడం లేదు: మీ అనుభవాలు చెప్పండి

సిమ్‌ట్రే:
ఒకరు వాడి అమ్మిన ఫోనును మూడు నెలల క్రితం కొన్నాను. సిమ్ లాక్ తీయించే ఇచ్చారు, నా సిమ్ వేయగానే ఇంటర్నెట్ కూడా వచ్చింది కాబట్టి ఇక ఏ చిక్కూ లేదనుకున్నాను. అయితే ఆన్ చేసిన ప్రతిసారీ నాకు ఏ సంబంధమూ లేని నెట్‌వర్క్ సంస్థ గుర్తు తెర నిండా వెలుగుతోంది. ఆ సంస్థ యాప్‌లు నాలుగు, తొలగించడానికి వీల్లేకుండా తిష్ఠ వేశాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరికైనా కాల్ చేస్తే రింగు వినిపించకముందే తెగిపోతోంది. ఇదే మోడల్‌ను నేరుగా తయారీదారు దగ్గర కొన్న మిత్రుడికి వచ్చిన సెక్యూరిటీ అప్‌డేట్ నాకు ఐదు వారాలు ఆలస్యంగా వచ్చింది. లాక్ పోయాక ఇవన్నీ ఎందుకు మిగిలాయి?

ఫర్మ్‌వేర్‌ప్రియుడు:
సిమ్ లాక్ వేరు, ఆపరేటర్ (అంటే నెట్‌వర్క్ సంస్థ) కోరిక మేరకు తయారీదారు చేసిపెట్టిన మార్పులు వేరు. మొదటిది ఇతర సంస్థల సిమ్‌ను అడ్డుకునే తాళం మాత్రమే. రెండోది ఫర్మ్‌వేర్‌లోనే, అంటే ఫోనును నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌లోనే కలిసిపోయి ఉంటుంది కనుక తాళం తీసినా చెక్కుచెదరదు. ఉదాహరణకు శాంసంగ్ ఫోన్లలో 'అబౌట్ ఫోన్' కింద 'సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్' తెరిస్తే, సర్వీస్ ప్రొవైడర్ వెర్షన్ అన్న చోట ఏటవాలు గీతల మధ్య మూడక్షరాల కోడ్‌లు కనిపిస్తాయి. సీఎస్‌సీ అంటారే, అదే ఇది. అమెరికాలో ఏ సంస్థతోనూ ముడిపెట్టకుండా అమ్మిన ఫోనులో 'ఎక్స్‌ఏఏ' అనీ, అక్కడి ఆపరేటర్ వెరైజన్ అమ్మిన ఫోనులో 'వీజెడ్‌డబ్ల్యూ' అనీ ఉంటుంది. ముందే వేసిన యాప్‌లు, కొన్ని సదుపాయాలు ఉండాలా వద్దా అన్నది, అప్‌డేట్ ఎప్పుడు రావాలన్నది ఆ కోడ్‌తో ముడిపడి ఉంటాయి. ఐఫోన్‌లో ఈ బెడద తక్కువ. అక్కడ ఆపరేటర్ సెట్టింగులు ఒక చిన్న ఫైలుగా విడిగా ఉండి, సిమ్ మారితే అవీ మారతాయి.

పాతకీప్యాడ్:
తయారీదారుకూ ఆపరేటర్‌కూ మధ్య ఉన్న ఈ సంబంధంలో పైచేయి ఎవరిదన్నది కాలాన్ని బట్టి మారుతూ వచ్చిందని గమనించాలి. 1999లో జపాన్‌లో ఎన్‌టీటీ డొకొమొ అనే ఆపరేటర్ ఫోనులో ఇంటర్నెట్ అందించే ఐ-మోడ్ సేవ మొదలుపెట్టినప్పుడు ఫుజిట్సు చేసిన ఫోను పేరు ఎఫ్501ఐ, ఎన్‌ఈసీ చేసినదాని పేరు ఎన్501ఐ. పేరులో తయారీదారుకు దక్కింది ఒక్క అక్షరం! అమెరికాలో 2004 నాటి మోటరోలా వీ710లో బ్లూటూత్ ఉన్నప్పటికీ, దానితో ఫైళ్లు పంపుకునే వీలును వెరైజన్ మూయించడంతో కొన్నవారు కోర్టుకెక్కారు. 2010లో మొదటి గెలాక్సీ ఎస్ అక్కడి నాలుగు పెద్ద సంస్థల దగ్గర కాప్టివేట్, వైబ్రంట్, ఫాసినేట్, ఎపిక్ 4జీ అని నాలుగు పేర్లతో అమ్ముడుపోయింది. వెరైజన్ అమ్మిన ఫాసినేట్ గూగుల్ వారి ఆండ్రాయిడ్ ఫోనే అయినా, అందులో వెతకడానికి పెట్టింది మాత్రం మైక్రోసాఫ్ట్ వారి బింగ్. 2012లో గెలాక్సీ ఎస్3 అందరి దగ్గరా ఒకే పేరుతో రావడం శాంసంగ్ బలపడిందనడానికి గుర్తు. అయినా అదే ఏడాది నోట్2 హోమ్ బటన్ మీద వెరైజన్ తన పేరు అచ్చు వేయించుకుంది. రోజూ వందసార్లు వేలు పడే చోటు అది!

ఆపిల్ బేరం దీనికి పూర్తిగా భిన్నం. 2007లో ఐఫోన్ మీద ఆపరేటర్ ఏటీ అండ్ టీ గుర్తు పడనివ్వకపోగా, విజువల్ వాయిస్‌మెయిల్ (వచ్చిన వాయిస్ సందేశాలను తెర మీద జాబితాగా చూపే సదుపాయం) కోసం ఆ సంస్థ చేతనే నెట్‌వర్క్‌లో మార్పులు చేయించింది. బదులుగా అమెరికాలో ఐఫోన్‌ను అమ్మే హక్కు ఏటీ అండ్ టీకి ఒక్కదానికే దక్కింది. వెరైజన్ చేతికి అది 2011 ఫిబ్రవరిలో గానీ రాలేదు.

పరీక్షలగది:
కొన్నేళ్లు ఫోన్ల పరీక్ష విభాగంలో పనిచేశాను కనుక ఆపరేటర్ల తరఫున ఒక మాట చెబుతాను. అప్‌డేట్ ఆలస్యానికి కారణం ప్రతిసారీ యాప్‌ల దురాశ కాదు. మేము కొత్త బిల్డ్ (పరీక్షకు సిద్ధం చేసిన సాఫ్ట్‌వేర్ వెర్షన్) ఇచ్చాక అత్యవసర కాల్ వెళుతుందా, కదిలే బండిలో ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కు మారేటప్పుడు కాల్ నిలుస్తుందా, రోమింగ్‌లో సందేశం చేరుతుందా అని వారు విడిగా చూసేవారు. ఒక్కటి తప్పినా బిల్డ్ మా దగ్గరికే తిరిగొచ్చేది, వరుస మళ్లీ మొదలయ్యేది. అయితే ఒకసారి, వారి యాప్ ఐకాన్ మొదటి తెర మీద లేదన్న ఒక్క కారణంతో వెనక్కి వచ్చిన బిల్డ్‌ను కూడా నేను చూశాను. దాన్ని మాత్రం సమర్థించలేను.

నాలుగోతరం:
సిమ్‌ట్రే గారూ, మీ కాల్స్ తెగడానికి కారణం దాదాపుగా వోల్టే, అంటే 4జీ మీదే కాల్ వెళ్లే పద్ధతి, అయి ఉంటుంది. 4జీ మీద కాల్ వెళ్లాలంటే ఆ సంస్థకు సరిపడే సెట్టింగులు ఫోనులో ఉండాలి, ఆ మోడల్‌ను సంస్థ ఒప్పుకోవాలి కూడా. లేకపోతే కాల్ చేసినప్పుడల్లా ఫోను 3జీకో 2జీకో దిగుతుంది. అవి మూసేసిన చోట దిగడానికి మెట్టే ఉండదు కనుక, డేటా బాగానే వస్తూ కాల్ మాత్రం తెగుతుంది. 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ 3జీని ఆపేసినప్పుడు, వోల్టే ఉండి కూడా ఆ సంస్థ జాబితాలో లేని ఫోన్లు ఇలాగే మూగబోయాయి. కెనడా 2017లో, బ్రిటన్, జపాన్ 2021లో ఫోన్లను లాక్ చేసి అమ్మడాన్ని ఆపించాయి గానీ, ఆ నిబంధనలు తాళం వరకే పరిమితం.

సిమ్‌ట్రే:
అందరికీ కృతజ్ఞతలు. మా ఫోనులోనూ పాత సంస్థ కోడే బయటపడింది. నా ఆపరేటర్‌ను అడిగితే, ఇదే మోడల్‌లో ఏ సంస్థతోనూ ముడిపడనిదానికి వోల్టే ఇస్తామన్నారు. అంటే హార్డ్‌వేర్ అడ్డు కాదు. తయారీదారు విడుదల చేసిన మామూలు ఫర్మ్‌వేర్‌ను ఎక్కించవచ్చా?

ఫర్మ్‌వేర్‌ప్రియుడు:
మోడల్ నంబర్ చివరి అక్షరం వరకూ సరిచూసుకోండి. ఇప్పుడున్నదానికంటే పాత వెర్షన్‌ను ఎక్కించబోకండి. ఫొటోలు, సందేశాలు ముందే వేరేచోట దాచుకోండి, ఎందుకంటే డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. భయమనిపిస్తే, కంప్యూటర్‌కు కలిపి ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోనుకు ఆదేశాలు పంపే సాధనం) ఆ నాలుగు యాప్‌లను మీ ఖాతా వరకూ తొలగించుకోవచ్చు గానీ, రీసెట్ చేస్తే అవి తిరిగొస్తాయి, కాల్స్ సమస్య ఎలాగూ తీరదు.

సిమ్‌ట్రే:
నిన్న రాత్రి ఎక్కించాను. ఆన్ చేస్తే తయారీదారు పేరొక్కటే కనిపించింది, యాప్‌లు మాయమయ్యాయి. తెల్లవారాక మొదటి కాల్ చేస్తే 4జీ గుర్తు అలాగే ఉండగా అవతల రింగు మోగింది. ఇక మిగిలిందల్లా వెనక అట్ట మీద అచ్చు వేసిన పాత సంస్థ గుర్తు. దానికి కవర్ తొడిగేశాను.